ఆ చెల్లో శ్రుతి తప్పలేదు

సంపాదకుల వారికి,

నమస్కారములు. గత ఆదివారం మీ అనుబంధంలో చెల్లో అనే పాశ్చాత్య తీగవాద్యం గురించి, పద్దెనిమిదవ శతాబ్దపు జర్మన్ స్వరకర్త బాఖ్ రచించిన మొదటి చెల్లో సూట్ (నాట్యగతుల వరుస) రికార్డింగు గురించి వచ్చిన పూర్తి పేజీ వ్యాసాన్ని రెండుసార్లు చదివాను. తెలుగు దినపత్రిక ఇటువంటి విషయానికి ఒక పేజీ కేటాయించడమే అరుదు కాబట్టి ముందుగా మీకు కృతజ్ఞతలు. అయితే ఆ వ్యాసంలో శ్రుతికీ రాగానికీ, తాళానికీ కాలప్రమాణానికీ మధ్య గీత చెరిగిపోయింది. దానిమీద కట్టిన నిర్ణయాలు, చివర పాఠకులకు ఇచ్చిన సలహా, వాద్యానికీ కళాకారుడికీ అన్యాయం చేసేవిగా ఉన్నాయని నాకు తోచింది. అందుకే ఈ ఉత్తరం కాస్త పొడవైనా వ్రాస్తున్నాను.

నేను సంగీత విద్వాంసుడిని కాను. అనంతపురం గడియార స్తంభానికి దగ్గరలోని ఒక సందులో దాదాపు ముప్ఫై ఏళ్ళు టేప్‌రికార్డర్లు, రేడియోలు బాగుచేసి బ్రతికినవాడిని. చిన్నతనంలో మా వీధిలోని మేష్టారి దగ్గర ఆరేళ్ళు వయొలిన్ నేర్చుకున్నాను, వర్ణాల దాకా వచ్చి ఆగిపోయాను. ఆ రెండింటి వల్ల, అంటే కొంత స్వరజ్ఞానం వల్లా, చాలా మోటార్లు విప్పి చూడడం వల్లా, రికార్డింగులో మనం వినే శ్రుతిలో వాయించినవాడి వాటా ఎంతో, వినిపించే యంత్రం వాటా ఎంతో విడదీసి చూసే అలవాటు పడింది. నేను చెప్పదలచినది ఆ అలవాటు నుంచి వచ్చిందే.

ముందుగా ఒక చిన్న మాట. వ్యాసంలో ఆద్యంతం 'సెల్లో' అని అచ్చయింది. ఇటాలియన్ పేరు వయొలొంచెల్లో, దాని తోకే చెల్లో. ఇది పెద్ద దోషమేమీ కాదు. ఫిడేలు అన్నా వయొలిన్ అన్నా మనకు ఒకటే వాద్యం గుర్తుకు వచ్చినట్టు, సెల్లో అన్నా జనానికి అర్థమవుతుంది. ఆ మాటకొస్తే తెలుగు సినిమా పాటల వెనుక తీగవాద్యాల గుంపులో దాని గొంతును పేరు తెలియకుండానే మనవాళ్ళు దశాబ్దాలుగా వింటూనే ఉన్నారు. కనుక దీన్ని ఇక్కడే వదిలేస్తాను.

అసలు విషయం శ్రుతిది. వ్యాసకర్త తన ఫోనులోని శ్రుతి చూపే యాప్ పెట్టి రికార్డింగును పరీక్షించారట. అది ఎఫ్ షార్ప్ మేజర్ అనే కీ (ఆధార స్వరమూ దానిమీది స్వరవరుసా కలిపి చెప్పే పేరు) అని చూపిందట. పుస్తకాల్లో జి మేజర్ అని ఉంది కాబట్టి, 'కళాకారుడు కావాలనే శ్రుతి దించి విషాదాన్ని తెచ్చాడు' అని వారు తీర్మానించారు. మన హార్మోనియం భాషలో చెప్పాలంటే, ఐదు శ్రుతిలో ఉండవలసినది నాలుగున్నరలో వినిపించింది. వారి చెవి గాని యాప్ గాని తప్పు చెప్పలేదు, తీర్మానమే తప్పింది. దానికి సాక్ష్యం మీరు వ్యాసంతోపాటు వేసిన ఫోటోలోనే ఉంది. అందులో కళాకారుడు చెల్లోను పిక్కల మధ్య ఇరికించి పట్టుకున్నాడు, వాద్యం కింద నేలకు ఆనే ఇనుప కాలు లేదు. బాఖ్ కాలపు పద్ధతిని అనుసరించి, పేగుతీగలు కట్టి, పాతకాలపు కమానుతో వాయించేవారి కూర్చునే తీరు అది. వారిలో ఎక్కువమంది శ్రుతిని కూడా ఆ కాలానికి దగ్గరగా పెట్టుకుంటారు. ఈనాడు ప్రపంచమంతా వాడే ప్రమాణం ప్రకారం ఏ అనే స్వరం, అంటే మన ఆరు శ్రుతి మెట్టు, సెకనుకు 440 కంపనాలు. 1939లో లండన్‌లో జరిగిన అంతర్జాతీయ సమావేశంలో కుదిరిన అంకె ఇది. బాఖ్ నాటి ఐరోపాలో ఊరికొక శ్రుతి, కొన్నిచోట్ల గుడికొక శ్రుతి ఉండేది. ఆ వైవిధ్యమంతటికీ ప్రతినిధిగా నేటి ప్రాచీన వాద్యకారులు 415ను ఎంచుకున్నారు. 440 నుంచి 415కు దిగితే సరిగ్గా అర శ్రుతి తగ్గుతుంది. కనుక ఆ కళాకారుడు జి మేజర్‌లోనే వాయించాడు, తన జి తీగ మీదనే మొదలుపెట్టాడు. మన ఊరి హార్మోనియం మెట్టుతో పోలిస్తే అది నాలుగున్నరగా వినిపిస్తుంది, అంతే. ఒక గాయకుడు ఒకటిన్నర శ్రుతిలో కాక ఒకటి శ్రుతిలో పాడినంత మాత్రాన కీర్తన శోకగీతం అయిపోదు కదా.

ఇక్కడే రెండవ పొరపాటు తలెత్తింది. కీ అన్న మాటను వ్యాసకర్త ఒకచోట రాగం అనీ, మరొకచోట శ్రుతి అనీ అనువదించారు. జి మేజర్‌ను 'ఐదు శ్రుతి శంకరాభరణం' అని వ్రాశారు. ఇది సగమే నిజం. మేజర్ స్కేలు స్వరస్థానాలు మన 29వ మేళమైన ధీరశంకరాభరణానివే, అందులో సందేహం లేదు. కాని స్వరస్థానాలు రాగం కావు. గమకం, సంచారం, ఏ స్వరం మీద నిలవాలి, దేన్ని తాకి వదలాలి అనే నడవడి కలిస్తేనే మనకు రాగం. మరొక భేదం ఇంకా ముఖ్యమైనది. మనకు ఆధార షడ్జం కచేరీ మొదటినుంచి చివరిదాకా కదలదు, తంబూర దాన్ని కాపలా కాస్తూ ఉంటుంది. పాశ్చాత్య సంగీతంలో రచన మధ్యలోనే ఆధారం తన చోటు మార్చుకుంటుంది, మన గ్రహభేదాన్ని (షడ్జాన్ని మరొక స్వరం మీదికి మార్చుకోవడాన్ని) దూరంనుంచి తలపించే రీతిలో. ఈ మొదటి సూట్ ప్రెల్యూడ్‌లో (తొలి భాగంలో) పది బార్లు (తాళపు ఆవర్తం వంటి కొలతలు) గడవకముందే ప్రతిమధ్యమం వినిపిస్తుంది. శంకరాభరణంలో అది అన్యస్వరం. ఇక్కడ మాత్రం, 'షడ్జం కొంతసేపు పంచమం ఇంటికి వెళ్ళి వస్తుంది' అని చెప్పే కబురు అది. ఈ వెళ్ళడం, రావడం మీదనే ఆ రచన భావమంతా నడుస్తుంది. దాన్ని రాగం అన్న ఒక్క మాటతో కప్పేస్తే, వినేవాడు ఆ స్వరాన్ని అపస్వరం అనుకుంటాడు, లేదా అసలు గమనించడు.

మరి జి మేజర్ అన్నదానికి చెల్లో మీద ప్రత్యేకత ఏమీ లేదా అంటే, ఉంది. అది కాగితం మీద కాదు, కొయ్యలో ఉంది. చెల్లోకు నాలుగు తీగలు. బొంగురు తీగనుంచి వరుసగా చెబితే మన లెక్కలో ఒకటి, ఐదు, రెండు, ఆరు శ్రుతులు, ప్రతి తీగా కింది తీగకు పంచమం. అన్నిటికంటే కింది తీగ సెకనుకు దాదాపు 65 కంపనాలు, పై తీగ 220. ఐదు శ్రుతి తీగను షడ్జం అనుకుంటే దాని పైతీగ పంచమం, ఆపైది చతుశ్శ్రుతి రిషభం, కిందిది శుద్ధ మధ్యమం అవుతాయి. అంటే జి మేజర్‌లో వాయిస్తున్నప్పుడు నాలుగు తీగలూ రాగంలోని స్వరాలే. వేలు ఆనకుండా, ఖాళీ తీగ మీద షడ్జమూ పంచమమూ మోగుతాయి. ప్రెల్యూడ్ ఎత్తుగడను స్వరాల్లో వ్రాసుకుంటే స ప గ రి గ ప గ ప అని వస్తుంది, ఇందులో స, ప మంద్రంలోనివి, గ, రి మధ్యస్థాయివి. ఆ మొదటి స, ప రెండూ ఖాళీ తీగలు. కమాను వాటిని వదిలి పైకి వెళ్ళిన తరువాత కూడా అవి లోపల మోగుతూనే ఉంటాయి. తంబూర లేకుండానే తంబూర వేసినట్టు ఉంటుంది. మీ వ్యాసకర్తకు ఎత్తుగడలో 'గుడిలో గంట ఆగిన తరువాతి నాదం' స్ఫురించిందని వ్రాశారు. చక్కని పోలిక. దానికి కారణం దించిన శ్రుతి కాదు, ఈ ఖాళీ తీగలు.

బాఖ్‌కు ఈ సంగతి బాగా తెలుసు. ఆరు సూట్లలో ఆరు కీలు ఎంచుకొని చెల్లో గొంతును ఆరు విధాలుగా మార్చాడు. మొదటిది జి మేజర్, రెండవది డి మైనర్ (మైనర్ అంటే అంతర గాంధారానికి బదులు సాధారణ గాంధారం వచ్చే స్వరవరుస), మూడవది సి మేజర్, నాలుగవది ఇ ఫ్లాట్ మేజర్, ఐదవది సి మైనర్, ఆరవది డి మేజర్. నాలుగవదానిలో ఆధార షడ్జం ఏ ఖాళీ తీగ మీదా దొరకదు, వేలు ఆనించి తీసుకోవలసిందే. కనుక అది మేజర్ అయినా వెలుగు కాస్త లోపలికి పోయినట్టు, దుప్పటి కప్పినట్టు ఉంటుంది. ఐదవదానికి ఆయన ఏకంగా ఆరు శ్రుతి తీగను ఐదుకు దించి కట్టుకోమన్నాడు. ఆరవదాన్ని ఐదు తీగల వాద్యం కోసం వ్రాశాడు. మేజర్ అయితే సంతోషం, మైనర్ అయితే దుఃఖం అనే రెండు గదుల లెక్క ఈ ఆరింటినీ వరుసగా విన్నవాడి చేతిలో నిలవదు.

ఆ రెండు గదుల లెక్క గురించే మరికొంత చెప్పాలి. 'చెల్లో ఏడ్చే వాద్యం, మైనర్ కీ ఏడ్చే కీ, మందగతి ఏడ్చే గతి, మూడూ కలిస్తే కన్నీరు' అని వ్యాసంలో ఒక పెట్టెలో పెద్ద అక్షరాలతో వేశారు. జి మేజర్ రచన గురించిన వ్యాసంలో ఈ పెట్టె ఎందుకు వచ్చిందో నాకు అర్థం కాలేదు. అది అలా ఉంచుదాం. ఫ్రెంచి స్వరకర్త సాన్‌సాన్స్ 1886లో వ్రాసిన హంస అనే చిన్న చెల్లో రచన ఉంది. అది కూడా ఇదే జి మేజర్. ఆ స్వరస్థానాలే, ఆ తీగలే. కాని ప్రెల్యూడ్ తుంగభద్ర ఎగువ కాలువలో నీరు వచ్చినప్పటి నడకలా సాగితే, హంస ఎదలో ఏదో మెలిపెట్టినట్టు చేసి కదలకుండా కూర్చోబెడుతుంది. మైనర్ కానక్కరలేకుండానే కళ్ళు తడిసినవారిని నేను చూశాను. దానికి ఎదురుగా రెండవ సూట్ చివరి జీగ్ అనే నాట్యభాగం వినండి. డి మైనర్‌లో ఉన్నదే గాని అందులో ఏడుపు లేదు, పంతం ఉంది, కాలు నేలకు కొట్టి మాట్లాడే తత్త్వం ఉంది. మన దగ్గర మాత్రం ఇంత సులువైన లెక్క ఎవరు వేస్తారు? కాటిసీను పద్యాలు విని పెరిగిన మా సీమ జనానికి తెలుసు, ఒకే రాగంలో ఒక నటుడు గుండె కరిగిస్తాడు, మరొకడు చప్పట్ల కోసం రాగం తీస్తాడు.

ఐదవ సూట్‌లోని సరబాండ్ అనే నాట్యభాగం విషయంలో మాత్రం వ్యాసకర్తతో నాకు పేచీ లేదు. దాన్ని దుఃఖం అనడానికి నాకూ అభ్యంతరం లేదు. అయితే అక్కడి దుఃఖం సి మైనర్ వల్లనే వచ్చిందంటే ఒప్పుకోను. మిగిలిన సరబాండ్‌లన్నిటిలో బాఖ్ రెండు మూడు తీగలను కలిపి మోగించే జంటస్వరాలు, స్వరగుచ్ఛాలు వాడాడు. ఇందులో ఒక్కటీ లేదు. ఒంటి స్వరం వెనుక ఒంటి స్వరం, మధ్యలో పెద్ద దాట్లు, దిగువకు దిగి అక్కడే ఆగిపోవడం. పక్కన తోడు వచ్చే స్వరం లేకపోవడమే ఆ భావానికి మూలమని నా నమ్మకం. ఇదే సూట్‌లో ఇదే సి మైనర్‌లో ఉన్న గవోట్‌లను విన్నవారు ఈ తేడాను తామే పట్టుకోగలరు.

ఇక కాలప్రమాణం. వ్యాసంలో టెంపో అన్న చోటనల్లా తాళం అని అచ్చయింది. ఆది తాళాన్ని చౌకకాలంలోనూ వేయవచ్చు, మధ్యమకాలంలోనూ వేయవచ్చు. తాళం లెక్కను చెబుతుంది గాని వేగాన్ని చెప్పదు. టెంపో అంటే ఆ లెక్క ఎంత నిదానంగా లేదా ఎంత చురుకుగా నడుస్తుందన్నది, దానికి మనవాళ్ళు పెట్టుకున్న కాలప్రమాణం అన్న చక్కని మాట ఉండనే ఉంది. ఈ ప్రెల్యూడ్ నాలుగు దెబ్బల లెక్కలో 42 బార్లు ఉంటుంది, అంటే మొత్తం 168 దెబ్బలు. నిమిషానికి 60 దెబ్బల చొప్పున నడిపితే 2 నిమిషాల 48 సెకన్లు, 80 చొప్పున నడిపితే 2 నిమిషాల 6 సెకన్లు పడుతుంది. ఈ రెండు కొసల మధ్యనే చాలామంది పేరున్న వాద్యకారుల రికార్డింగులు మనకు దొరుకుతాయి. తేడా ఒక నిమిషం కూడా లేదు. కాని ఆ కొద్దిపాటి తేడాలోనే ఒకరిది ఆలోచనగానూ మరొకరిది పరుగుగానూ వినిపిస్తుంది. అది కూడా సమంగా పరచిన వేగం కాదు. ముద్రిత ప్రతులలో 22వ బార్‌లో, ఇంచుమించు సగం దారిలో, ఒక నిలుపు గుర్తు ఉంటుంది. అక్కడ ఎంతసేపు ఆగాలన్నది వాయించేవాడి ఇష్టం. ముగింపుకు ముందు ఒక్కొక్క స్వరస్థానమే మెట్టుమెట్టుగా ఎక్కే ఘట్టం వస్తుంది. అక్కడ కొందరు ఊపిరి బిగబట్టినట్టు నెమ్మదిస్తారు, కొందరు తోసుకుంటూ పోతారు. నా చెవికి తోసుకుంటూ పోయేవారే నచ్చుతారు.

'బాఖ్ నిర్దేశించిన నెమ్మది గతిని కళాకారుడు గౌరవించాడు' అని వ్యాసంలో మరో వాక్యం ఉంది. బాఖ్ ఈ ప్రెల్యూడ్‌కు ఏ గతినీ నిర్దేశించలేదు. ఈ సూట్లు ఆయన జర్మనీలోని కోథెన్ పట్టణంలో కొలువు చేసిన రోజులలో, 1720 ప్రాంతంలో వ్రాశాడని పండితుల అంచనా. ఆయన స్వహస్తంతో వ్రాసిన ప్రతి మనకు దక్కలేదు, ఆయన భార్య అన్నా మగ్డలీనా ఎత్తివ్రాసిన ప్రతి ప్రధానమైన ఆధారాల్లో ఒకటి. అందులో అలెమాండ్, కూరాంట్, సరబాండ్, జీగ్ అని నాట్యాల పేర్లు ఉన్నాయి గాని నిమిషానికి ఇన్ని దెబ్బలని లేదు. ఉండడానికీ వీలు లేదు. దెబ్బలు లెక్కించే మెట్రోనోమ్ యంత్రానికి మెల్జెల్ పేటెంటు తీసుకున్నది 1815లో, బాఖ్ కన్నుమూసిన 65 ఏళ్ళకు.

మా జిల్లా వారికి ఈ పరిస్థితి కొత్తది కాదు. తిరుమలలో దొరికిన రాగిరేకుల మీద అన్నమయ్య సంకీర్తనలకు రాగం పేరు చెక్కి ఉంది, స్వరలిపి లేదు, ఏ నడకలో పాడాలో లేదు. ఈ జిల్లాలోనే రాళ్ళపల్లి గ్రామంలో 1893లో పుట్టి, మైసూరులో తెలుగు పాఠాలు చెప్పి, ఆ తరువాత తిరుపతిలో ఆ సంకీర్తనలను పరిష్కరించిన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు వాటిలో అనేకానికి వరసలు కట్టారు. రాగం పేరు ఒక్కటే ఆధారం. మిగిలినదంతా సాహిత్యం చదివి, మాట బరువు తూచి, ఆయన నిర్ణయించుకున్నదే. వాటిని మనం అన్నమయ్య సాహిత్యం అంటాం, శర్మగారి వరస అంటాం. అన్నమయ్యే ఆ నడకను నిర్దేశించాడని ఎవరూ అనరు. ఆ ప్రెల్యూడ్ రికార్డింగు గురించి వ్రాసేటప్పుడు కూడా ఇదే మర్యాద పాటించాలి. స్వరాలు బాఖ్‌వి, నడక వాయించినవాడిది. నెమ్మది మీకు నచ్చితే ఆ మెచ్చుకోలు అతనికి చెందాలి, విసుగనిపిస్తే ఆ నిందా అతనిదే.

ఒకే రచన, ఒకే కీ, నడక మారితే ఎంత మారుతుందో చూడడానికి ఇంకా స్పష్టమైన ఉదాహరణ ఆంగ్ల స్వరకర్త ఎల్గార్ 1919లో ఇ మైనర్‌లో వ్రాసిన చెల్లో కన్చెర్టో (ఒక చెల్లో, వాద్యబృందం కలిసి వాయించే రచన). 1928లో బియట్రిస్ హారిసన్ వాయించగా ఎల్గార్ స్వయంగా వాద్యబృందాన్ని నడిపిన రికార్డింగు ఉంది. 1965లో జాక్విలిన్ డు ప్రే ఇరవై ఏళ్ళ వయసులో, బార్బిరోలీ నిర్వహణలో ఇచ్చినది మరొకటి. రెండవదానికి మొదటిదానికంటే కొన్ని నిమిషాలు ఎక్కువ సమయం పడుతుంది. ఇప్పుడు లోకం ఆ కన్చెర్టో అంటే గుర్తుపెట్టుకున్నది ఆ రెండవదాని బరువునే. రచయిత చేతికింద నడిచినది మాత్రం కన్నీరు తుడుచుకొని లేచి పని చూసుకునే మనిషిలా ఉంటుంది. ఆ కాలపు 12 అంగుళాల పలక ఒక్కో ముఖం నాలుగున్నర నిమిషాలకు మించి పట్టేది కాదన్నదీ గుర్తుంచుకోవాలి. నాకు రెండూ ఇష్టమే. కాని రెండిటిలో ఏది ఇ మైనర్ మూడ్ అని అడిగితే మీ వ్యాసంలోని పెట్టె ఏం జవాబు చెబుతుంది?

ఇప్పుడు నా స్వానుభవం ఒకటి చెప్పుకోవాలి, ఎందుకంటే వ్యాసకర్త చేసిన పొరపాటునే నేను ఎనిమిదేళ్ళు చేశాను. 1980ల మధ్యలో ఒక ఖాతాదారు, ఊరికి బదిలీ మీద వచ్చిన ఉద్యోగి, నమిలే జబ్బున్న ఒక టేప్‌రికార్డరు తెచ్చి ఇచ్చాడు. బాగుచేసి ఇచ్చాను, లోపల ఇరుక్కున్న క్యాసెట్టును ఆయన అడగలేదు, తిరిగి ఇవ్వబోయేసరికి ఆయనకు మళ్ళీ బదిలీ అయిపోయింది. దాని మీద చేతివ్రాతతో బాఖ్, రెండవ సూట్, డి మైనర్, పాబ్లో కసాల్స్ అని ఉంది. కసాల్స్ అనే ఈ స్పెయిన్ చెల్లో విద్వాంసుడు 1890లో, పదమూడేళ్ళ వయసులో, బార్సిలోనాలో ఒక పాత స్వరపుస్తకాల కొట్టులో ఈ సూట్లను కనుగొని, పన్నెండేళ్ళు సాధన చేసిన తరువాత గాని సభలో వాయించలేదని, అంతవరకు వీటిని లోకం సాధకుల అభ్యాసాలుగానే చూసేదని తరువాత తెలుసుకున్నాను. అప్పటికి నాకు ఆ పేరే కొత్త. దుకాణం మూసే ముందు, కరెంటు ఉన్న సాయంత్రాలలో, నా పనిబల్ల మీది పాత డెక్కులో ఆ క్యాసెట్టు పెట్టుకొని వినేవాడిని. అంత దీనమైన సంగీతం నేను ఎరుగను. ముఖ్యంగా ప్రెల్యూడ్ చివర ఐదు బార్ల పాటు నిడివైన స్వరగుచ్ఛాలు మాత్రమే వస్తాయి. అవి ఒక్కొక్కటి ఎండిన బావిలోంచి చేంతాడు లాగుతున్నట్టు వచ్చేవి. స్పెయిన్‌లో అంతర్యుద్ధం మొదలైన నాలుగు నెలలకు, 1936 నవంబరులో లండన్‌లో ఆయన దీన్ని రికార్డు చేశాడని చదివాక, ఆ దైన్యానికి కారణం దొరికిందనే అనుకున్నాను.

ఆ డెక్కును నేను ఎప్పుడూ బాగుచేసుకోలేదు. చెప్పులు కుట్టేవాడి చెప్పులు ఎలా ఉంటాయో మీకు తెలుసు. ఒకరోజు పద్యనాటకాలకు హార్మోనియం వాయించే ఒక పెద్దాయన తన కచేరీ క్యాసెట్టు వినడానికి వచ్చి, దాన్నే నా డెక్కులో వేసి, 'ఏమప్పా, నేను రెండు శ్రుతిలో వాయిస్తే నీ పెట్టె ఒకటిన్నరలో పలుకుతోందే' అన్నాడు. ఆయన ఎదుటే వెనుక మూత విప్పాను. బెల్టు సాగి, నూనె పట్టి, జారుతోంది. క్యాసెట్టు టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్లు నడవాలి. బెల్టు మార్చి, మోటారు వెనుక చిన్న రంధ్రంలో ఉండే మరను సన్నని స్క్రూడ్రైవరుతో తిప్పుతూ, ఆయన తన పెట్టె మీద మెట్టు పట్టుకొని ఉండగా రెండు శ్రుతికి తెచ్చాను. ఆయన వెళ్ళిన తరువాత అలవాటుగా కసాల్స్ క్యాసెట్టు పెట్టాను. వాయించేవాడు మారిపోయాడు. అర శ్రుతి తగ్గడమంటే వేగంలో నూటికి ఇంచుమించు ఆరు పాళ్ళు తగ్గడం, మూడు నిమిషాల పాటకు దాదాపు పదకొండు సెకన్లు అదనంగా చేరడం. వినడానికి ఎంత చిన్న అంకె. కాని ఆ చివరి ఐదు బార్లలో మనిషి నడుము వంచి తాడు లాగడం లేదు, నిటారుగా నిలబడి ఒక్కొక్క మాటా తేల్చి చెబుతున్నాడు. వేళ్ళ కంపితం కూడా ఏడుపు జీరలా కాక, గట్టి గొంతుకు ఉండే సహజమైన కదలికలా వినిపించింది. ఎనిమిదేళ్ళుగా నేను యుద్ధశోకం అనుకున్నదానిలో సగమైనా సాగిన రబ్బరు బెల్టుది.

అందువల్లనే మీ వ్యాసం చివరి సలహా నన్ను ఎక్కువ కలవరపెట్టింది. 'ఫోనులో వేగాన్ని 0.75కు తగ్గించి వినండి, ధ్యానానికి మరింత అనువుగా ఉంటుంది' అని పాఠకులకు చెప్పారు. నా పాత డెక్కు వేగాన్ని తగ్గిస్తే శ్రుతినీ తగ్గించేది, కనీసం ఒక హార్మోనియం విద్వాంసుడు వచ్చి దొంగను పట్టుకోగలిగాడు. ఫోను శ్రుతిని అలాగే ఉంచి కాలాన్ని మాత్రమే సాగదీస్తుంది, కాబట్టి దాన్ని పట్టుకోవడం ఇంకా కష్టం. నిమిషానికి 72 దెబ్బలు నడిచే ప్రెల్యూడ్ 54కు దిగుతుంది, 2 నిమిషాల 20 సెకన్ల రచన 3 నిమిషాలు దాటుతుంది. వాయించేవాడు నిజంగా 54లో వాయించదలిస్తే కమాను ఒత్తిడి మార్చేవాడు, ఒక కమానులో ఎన్ని స్వరాలు కట్టాలో మార్చేవాడు, ఖాళీ తీగ నాదం ఎంతసేపు బ్రతుకుతుందో విని దాని ప్రకారం తరువాతి స్వరాన్ని వేసేవాడు. యంత్రం వీటిలో ఏదీ చేయదు. కమాను తీగను పట్టుకునే తొలి గరగర మసకబారుతుంది, కంపితం బద్ధకంగా ఊగుతుంది, గదిలోని ప్రతిధ్వని అసహజంగా సాగుతుంది. నాట్యం చేస్తున్న మనిషి ఫోటోను అడ్డంగా లాగి, లావెక్కాడని అన్నట్టు ఉంటుంది. వయొలిన్ నేర్చుకునే పిల్లలు కష్టమైన సంగతిని పట్టుకోవడానికి ఈ సదుపాయం వాడుకుంటే నేను తప్పనను, మా మనవరాలూ వాడుతుంది. కాని రికార్డింగు గుణదోషాలు నిర్ణయించడానికి, పైగా పత్రికలో అచ్చువేయడానికి, అది తగిన కొలబద్ద కాదు. వ్యాసకర్త వర్ణించిన మూడ్‌లో ఎంత భాగం మామూలు వేగంలో విన్నది, ఎంత భాగం 0.75లో విన్నది అన్నది వ్యాసం చదివితే తెలియడం లేదు.

కాబట్టి మీకు నా మనవి ఇది. రాబోయే ఆదివారం సవరణలో, ఆ రికార్డింగు జి మేజర్‌లోనే ఉందనీ, 415 ప్రమాణం వల్ల అర శ్రుతి తక్కువగా వినిపిస్తుందనీ, బాఖ్ గతిని నిర్దేశించలేదనీ రెండు మూడు వాక్యాలు వేయండి. ఇకముందు ఇటువంటి రికార్డింగుల గురించి వ్రాయించేటప్పుడు వాయించినవారి పేరు, రికార్డు చేసిన సంవత్సరం, ఏ శ్రుతి ప్రమాణం, ఆధునిక వాద్యమా ప్రాచీన వాద్యమా అన్న నాలుగు వివరాలు వ్యాసం మొదట్లోనే ఇప్పించండి. ఈసారి వ్యాసంలో కళాకారుడి పేరు కూడా లేదు, ఫోటో కింద 'ఒక విదేశీ కళాకారుడు' అని మాత్రమే ఉంది. మన వయొలిన్ విద్వాంసుడి ఫోటో కింద 'ఒక స్వదేశీ కళాకారుడు' అని ఎవరైనా అచ్చువేస్తే మనం ఊరుకోము.

వ్యాసకర్తకు ఒక మాట చేరవేయగలరు. వారు అనంతపురం వైపు వచ్చినప్పుడు మా ఇంటికి రావచ్చు. కసాల్స్ క్యాసెట్టు ఇంకా ఉంది, డెక్కూ ఉంది. బెల్టు ఈ మధ్యనే మార్చాను.

ఇట్లు,
భవదీయుడు,
ఒక పాఠకుడు, అనంతపురం